నాలుగో తాళం

సమాధుల తోట గేటుకు మూడు తాళాలు ఉండాలి. ఆ మధ్యాహ్నం నాలుగున్నాయి.

చివరి క్షణం దాకా ఎవరూ గమనించలేదు. పేటిక మోసుకొచ్చినవాళ్ళు గేటు ముందు ఆగారు. బిషప్ అబ్నేరు గారు ముందుకొచ్చి తన తాళం తీసి అంగీ జేబులో వేసుకున్నారు. బిషప్ కొర్నేలి గారు తనది తీశారు. బిషప్ జెఫన్యా గారు ముగ్గురిలో కొత్తవారు కాబట్టి ఆఖరున తీశారు. స్త్రీల సమాజం వాళ్ళు పాట ఎత్తుకున్నారు. మోసేవాళ్ళు అడుగు ముందుకేశారు. గేటు కదల్లేదు.

గొలుసు వెనక పక్కన కొత్త ఇత్తడి తాళం ఒకటి వేలాడుతోంది.

ముగ్గురు బిషప్పులూ దాన్ని చూశారు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పకుండానే, ముగ్గురూ జేబుల్లోంచి తాళాలు తీసి ఎవరిది వాళ్ళు మళ్ళీ వేసేశారు.

పాట సగంలో ఆగిపోయింది.

"ఏందండీ ఇది?" అంది లోయిడా.

పేటికలో ఉన్నది ఆమె తల్లి ఎస్తేరమ్మ. తూములపాలెం సంఘంలో ఆమె హార్మోనియం లేకుండా ఒక్క ఆదివారమూ గడవలేదు. స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. నిన్న సాయంత్రం నిద్రలోనే పోయింది. బజారులో జాకెట్లు కుట్టే షాపు నడిపే లోయిడాను ఆమె కోరింది ఒక్కటే, నాన్న పక్కన పెట్టమని. నాన్న ఈ గేటు లోపలే ఉన్నాడు, కంప చెట్టుకు ఇవతల. గొయ్యి కూడా సిద్ధంగా ఉంది. తవ్వేవాళ్ళు పొద్దున్నే గోడ దూకి తవ్వి, మళ్ళీ గోడ దూకి వచ్చేశారు. మే నెల ఎండ. ఇంటి దగ్గర పెట్టిన ఫ్రీజర్ బాక్సు ఇంకో ఊళ్ళో ఇంకెవరికో కావాలని వెళ్ళిపోయింది. పేటికలో ఆమె చుట్టూ ఉన్నవి ఐసు గడ్డలు.

"అదే నేనూ అడుగుతున్నా, ఏంది ఇది అని" అన్నారు అబ్నేరు గారు, కొర్నేలి గారి వైపు చూస్తూ.

"నా వైపెందుకండీ చూస్తారు? నా తాళం ఎప్పుడు వేశానో ఊరందరికీ తెలుసు. దొంగచాటుగా రెండోది వేసుకునే ఖర్మ నాకేం పట్టలేదు."

"వేసినవాళ్ళు వేశామని చెప్తారా?"

"మీకు తెలిసినట్టుందే ఆ పద్ధతి."

బిషప్ జెఫన్యా గారు గొంతు సవరించుకున్నారు. "ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా, సదరు తాళం ఎవరిదో తేలేవరకు ఈ గేటు యథాతథ స్థితిలో ఉండటం సంఘ శ్రేయస్సుకు అవసరం."

బయటి ఊళ్ళవాళ్ళకు ఈ తాళాల పద్ధతి వింతగా ఉండొచ్చు. దక్షిణ డెల్టా సువార్త సంఘంలో అది మామూలు విషయం. అక్కడ అధికారం చేతికొచ్చినవారు ముందుగా చేసే పని తాళం వేయడం. పాతవారి తాళాన్ని పగలగొట్టరు. పగలగొడితే పోలీసు కేసు అవుతుంది. దాని పక్కన ఇంకోటి వేస్తే ఏ కేసూ లేదు. అందుచేత సంఘానికి బిషప్పులు ఎంతమంది ఉంటే ప్రతి తలుపుకూ అన్ని తాళాలు. బడి తెరవాలన్నా, గుడి తెరవాలన్నా అందరూ కలిసి రావాలి. బిషప్ బంగళా వెనక ఉన్న మరుగుదొడ్డికి కూడా ఇదే నియమం. దాన్ని చాలాకాలంగా ఎవరూ వాడటం లేదు.

మొదట్లో బిషప్పులు ఇద్దరే. ఒకే రోజు రెండు కల్యాణ మండపాల్లో రెండు ఎన్నికలు జరిగాయి. ఒకదాంట్లో అబ్నేరు గారు ఏకగ్రీవంగా గెలిచారు. రెండోదాంట్లో కొర్నేలి గారు ఏకగ్రీవంగా గెలిచారు. అప్పటినుంచి ఏ పెళ్ళికైనా రెండు ప్రసంగాలు, ఏ బాప్తిస్మానికైనా రెండు ముంపులు. పిల్లలకు జలుబు చేస్తోందని తల్లులు గోల పెట్టారు.

సరిగ్గా ఆ సమయంలో రంగంలోకి దిగారు రెవరెండ్ డాక్టర్ దారా నతానియేలు గారు.

నతానియేలు గారు వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర చెప్పి రిటైరైనవారు. ఆయన డాక్టరేట్ పట్టా అంతా ఒకే మనిషి మీద. ఆ మనిషి పేరు లాంగెన్‌స్టైన్ ఊరి హైన్రిష్. జర్మనీ దేశస్థుడు. పోయి ఆరు వందల ఏళ్ళు దాటింది. ఆ రోజుల్లో రోములో ఒక పోపు, అవిన్యోన్ అనే ఊళ్ళో ఇంకో పోపు ఉండేవారట. ఒకరినొకరు వెలివేసుకుంటూ కూర్చున్నారట. ఆ ఇద్దరికంటే సంఘమంతా కూర్చున్న మహాసభ పెద్దదని, పోపు పిలవకపోయినా అవసరం పడితే అది తనంత తానే కూడొచ్చని ఈ హైన్రిష్ ఉత్తరం రాశాడట. అది రాసినందుకు ఆయనకు పారిస్‌లో ఉద్యోగం పోయిందట.

"చూశారా, నిజం చెప్పినవాడికి ఉద్యోగం పోయింది" అని నతానియేలు గారు ఊరూరా తిరిగి చెప్పారు. డెల్టా కదిలిపోయింది. కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద 'హైన్రిష్ బాట' అని రాయించుకున్నారు. ఫ్లెక్సీ వేయించబోతే ఆయన ఫొటో ఎక్కడా దొరకలేదు. ఫ్లెక్సీ షాపువాడు మోకాళ్ళ నొప్పుల నూనె ప్రకటనలోంచి గడ్డం పెద్దాయన్నొకణ్ణి తీసుకొచ్చి పెట్టాడు. ఆ బొమ్మకు దండలు పడ్డాయి. ఒక గ్రామ సంఘం వాళ్ళు హైన్రిష్ గారిని ముఖ్య అతిథిగా పిలవాలని తీర్మానం చేసి, రానుపోను ఖర్చులు భరిస్తామని కూడా రాశారు.

మహాసభ జరిగింది. బిర్యానీ పెట్టారు. ఇద్దరు బిషప్పులనూ తొలగించినట్టు ప్రకటించి, వాళ్ళ స్థానంలో జెఫన్యా గారిని ఎన్నుకున్నారు. తొలగించిన ఇద్దరూ తొలగలేదు. దాంతో బిషప్పులు ముగ్గురయ్యారు. తలుపులకు మూడో తాళం పడింది.

"చరిత్రలో అచ్చం ఇట్టాగే జరిగింది" అని నతానియేలు గారు మహాసభ ముగింపులో కళ్ళు తుడుచుకుంటూ చెప్పారు. "1409లో పీసా నగరంలో మహాసభ పెడితే ఇద్దరు పోపులు కాస్తా ముగ్గురయ్యారు. మనం పొల్లు పోకుండా నెరవేర్చాం."

"అట్టా అవుద్దని తెలిసే చేయించారా అయ్యగారూ?" అని వెనక వరసలోంచి ఎస్తేరమ్మ అడిగింది.

మహాసభలో స్త్రీలకు మాట్లాడే హక్కు లేదు. కాబట్టి ఆమె అడగలేదని మినిట్స్‌లో రాసుకున్నారు.

ఇప్పుడు ఆ ఎస్తేరమ్మే గేటు బయట ఉంది.

"ఇందులో అంత ఆలోచించేదేముంది?" అన్నాడు మోసేవాళ్ళలో ముందున్న ఏసోబు. "గడ్డపార ఉంది. ఒక్క దెబ్బకి ఊడిపోద్ది."

అతను గడ్డపార ఎత్తాడు. ముగ్గురు బిషప్పులూ ఒకేసారి గేటుకు అడ్డం పడ్డారు.

వాళ్ళ వెనకే నతానియేలు గారు వచ్చారు. మూడో బిషప్ వచ్చాక ఆయన మహాసభకు శాశ్వత కార్యదర్శి అయ్యారు. కారు కూడా ఇచ్చారు.

"ఆగు నాయనా" అన్నారు. "తొందరపడి ఒక సూత్రాన్ని పగలగొట్టొద్దు. ఒక తాళం పగలగొట్టదగినదైతే, అన్ని తాళాలూ పగలగొట్టదగినవే."

"ఖచ్చితంగా" అన్నారు అబ్నేరు గారు.

"నేనూ అదే అంటున్నా" అన్నారు కొర్నేలి గారు.

"ఏకీభవిస్తున్నాను" అన్నారు జెఫన్యా గారు.

ముగ్గురూ ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారి. ఎవరో ఫొటో తీశారు.

"పోనీ గోడ మీదనుంచి దించుదామా లోయిడమ్మా?" అన్నాడు ఏసోబు. "గాజు పెంకులున్నై గానీ, గోనె పట్టాలు కప్పుదాం."

లోయిడా గోడ వైపు చూసింది. "మా అమ్మ దొంగలాగా గోడ దూకి పోదు బాబాయ్. గేటులోంచే పోద్ది."

ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. ఎస్సై జీపు దిగి, తాళాలు చూసి, పేటిక చూసి, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"లోపల ఏమన్నా నేరం జరిగిందా?"

"లోపలికి పోతేగా సార్ జరిగేది" అన్నాడు ఏసోబు.

"గేటు బయట శవం ఉంటే పంచాయతీ. గేటు లోపల ఉంటే మీ సంఘం. గేటు సంగతంటే మాత్రం సివిల్ మేటర్." ఎస్సై జీపెక్కాడు. "మీరూ మీరూ కూర్చుని మాట్లాడుకోండి."

నతానియేలు గారికి ఆ ఆఖరి మాట చాలా నచ్చింది.

"విన్నారా? ప్రభుత్వమే అంటోంది, కూర్చోమని. అత్యవసరంలో మహాసభ తనంత తానే కూడొచ్చని హైన్రిష్ గారు ఎప్పుడో చెప్పారు. ఇంతకు మించిన అత్యవసరం ఏముంటుంది?"

అలా సంతాపానికి వేసిన షామియానా మహాసభ పందిరి అయింది. ఏడవడానికి వచ్చినవాళ్ళ కుర్చీలు తీసి ప్రతినిధులకు వేశారు. ప్రతినిధులంటే అక్కడున్న మగవాళ్ళందరూ. పాటల వాళ్ళ మైకు తీసుకున్నారు.

"అమ్మాయ్, పేటికని కొంచెం అవతలికి జరపగలరా?" అన్నారు జెఫన్యా గారు. "వేదిక అక్కడ వస్తే బాగుంటుంది. నీడ ఉంది."

"ఆ నీడ అమ్మ కోసం వేయించానండీ."

"మహాసభ కూడా ఆమె కోసమే కదమ్మా."

జరిపారు. లోయిడా పేటిక పక్కనే మట్టిలో కూర్చుంది.

ఎజెండాలో మొదటి అంశం దివంగత ఎస్తేరమ్మ గారికి సంతాపం తెలపడం. సంతాప తీర్మానం మీద ఏ బిషప్ సంతకం ముందు ఉండాలో తేలక దాన్ని వాయిదా వేశారు. రెండో అంశం నాలుగో తాళం.

నతానియేలు గారు మైకు అందుకున్నారు. "మన సంఘంలో బిషప్ అయినవారే తాళం వేస్తారు. బిషప్ కానివారు తాళం వేసిన దాఖలా లేదు. ఇక్కడ నాలుగో తాళం ఉంది. కనుక నాలుగో బిషప్ ఉన్నారు. ఎవరో మనకింకా తెలియదు. తెలియనంత మాత్రాన వారు లేరనడం అవిశ్వాసం."

పందిరి కింద కలకలం రేగింది. నాలుగో బిషప్ ఎక్కడున్నారు, ఎవరు ఎన్నుకున్నారు, ఏ కల్యాణ మండపంలో అని జనం గుసగుసలాడారు. కొంతమంది లేచి చుట్టూ చూశారు, ఆయన ఇక్కడే ఎక్కడో కూర్చుని ఉంటే పలకరించకుండా ఉండటం బాగుండదని.

"అధ్యక్షా" అంటూ రొయ్యల చెరువుల దేవసహాయం నిలబడ్డాడు. "చెప్పకూడదనుకున్నాను. ఆ తాళం నాదే."

"మీరు బిషప్పా?"

"లోలోపల."

"తాళం చెవి?"

దేవసహాయం జేబులోంచి గుత్తి తీశాడు. చెరువు గట్టు మోటారు షెడ్డు తాళం చెవి ఒకటి ఇత్తడి తాళంలో దూరింది. తిరగలేదు.

"దూరింది" అన్నాడు అతను.

"తిరగలేదు" అన్నారు కొర్నేలి గారు.

దీని మీద వాడిగా చర్చ జరిగింది. దూరడం పిలుపుకు గుర్తని, తిరగకపోవడం సమయం ఇంకా రాలేదనడానికి గుర్తని కొందరన్నారు. చివరికి నతానియేలు గారు మధ్యే మార్గం చూపించారు. తాళం చెవి దూరినవారిని సహాయ బిషప్పులుగా గుర్తిస్తే ఎవరికీ అన్యాయం జరగదన్నారు. తీర్మానం పాసైంది.

ఆ కబురు ఊళ్ళోకి పాకిన తర్వాత గేటు ముందు బారు కట్టారు. సైకిలు తాళం చెవులు, బీరువా తాళం చెవులు, ట్రంకు పెట్టెలవి, ట్రాక్టరుది. ఒకాయన పెళ్ళికి మామగారు పెట్టిన సూట్‌కేసు తాళం చెవి పట్టుకొచ్చాడు. ఎండ వాలేసరికి దక్షిణ డెల్టా సంఘానికి పది పన్నెండు మంది సహాయ బిషప్పులు ఏర్పడ్డారు. వాళ్ళు వేరుగా కుర్చీలు అడిగారు.

పేటిక కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి. లోయిడా లేచి మైకు దగ్గరికి వెళ్ళింది.

"అయ్యగారూ, ఐసు అయిపోతోంది."

"సంతాపం వాయిదాలో ఉందమ్మా."

"సంతాపం కాదండీ నేనంటోంది. ఐసు."

"ఎజెండాలో లేని అంశం" అన్నారు అబ్నేరు గారు జాలిగా.

అప్పుడొచ్చింది నయోమి. ఎస్తేరమ్మకు ప్రాణ స్నేహితురాలు. స్త్రీల సమాజం పనులన్నీ ఆ ఇద్దరే నడిపేవారు. పొద్దుట్నుంచీ ఇంటి దగ్గర ఉండి అన్నీ సర్దిన మనిషి, రొయ్యల కంపెనీలో ఐసు అడిగి ఆటోలో వేయించుకుని వచ్చింది. గేటు దగ్గర ఏమి జరుగుతోందో ఆమెకు తెలియదు.

"ఇంకా లోపలికి పోలేదేంటే?"

"తాళం పిన్నీ. నాలుగోది. ఎవరు వేశారో తెలవదంట. వేసినోళ్ళు బిషప్ అంట. ఊళ్ళో మగాళ్ళందరూ బిషప్పులైపోతున్నారు, మా అమ్మ ఒక్కతే ఎండలో ఉంది."

నయోమి ఐసు బస్తా కింద పెట్టింది. తిన్నగా గేటు వైపు చూసింది.

"ఇత్తడిదా?"

"ఊఁ."

నయోమి పమిట నోట్లో కుక్కుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని పక్కనున్న ఆడవాళ్ళు ఆమె వీపు నిమిరారు. లోయిడా కూడా అదే అనుకుంది, ముఖం చూసేదాకా.

"ఇట్రా" అని నయోమి ఆమెను పేటిక వెనక్కి లాక్కెళ్ళి, చెవిలో ఏదో చెప్పింది. చెప్తూ చెప్తూ తన సంచిలో చెయ్యి పెట్టి, తీసి, లోయిడా గుప్పిట్లో ఏదో పెట్టి వేళ్ళు మూసింది.

లోయిడా చాలాసేపు పేటిక మూత వంకే చూసింది.

"తీసేద్దామా మరి?" అంది నయోమి.

"ఇప్పుడు తీస్తే ఏమవుద్ది పిన్నీ? ఇదొక్కటే ఊడిద్ది. ఆ మూడూ అట్టాగే ఉంటాయి. ఎవరిదీ అని గోల, తీసినదానికి నామీద కేసు. ఇంకో మహాసభ."

"ఇంకో సంగతి కూడా చూశా. వచ్చేటప్పుడు తాళాల మస్తాన్ బడ్డీ దగ్గర ముగ్గురు బిషప్పుల కార్లూ ఉన్నాయి. డ్రైవర్లు ముగ్గురూ ఇత్తడి తాళాల చెవులన్నీ గుత్తులు గుత్తులుగా ఏరుకుంటున్నారు. ఒకళ్ళకి కనపడకుండా ఒకళ్ళు."

లోయిడా వేదిక వైపు చూసింది. డ్రైవర్లు అప్పుడే వచ్చి ఎవరి బిషప్ చెవిలో వాళ్ళు ఏదో చెప్పి వెళ్తున్నారు. ముగ్గురి అంగీల జేబులూ కిందికి వేలాడుతున్నాయి. అబ్నేరు గారు కుర్చీలో సర్దుకుని కూర్చుంటే గలగలమంది.

"ఓహో" అంది లోయిడా. "నాలుగో బిషప్ కూడా తామే అవుదామని."

ఆమె పమిట నడుముకు దోపి నతానియేలు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన టీ విరామంలో ఉన్నారు.

"అయ్యగారూ, ఒక సందేహం. ఆ పీసాలో ముగ్గురయ్యారన్నారు గదా. తర్వాత ఏమైంది?"

నతానియేలు గారు టీ గ్లాసులోకి చూశారు. "నా సిద్ధాంత వ్యాసం 1409తో ముగుస్తుందమ్మా."

"చరిత్ర కూడానా?"

"స్కాలర్‌షిప్ అక్కడి దాకే వచ్చింది."

"అంటే మీకు తెలవదన్నమాట. పోనీలెండి, పాస్టరు గారబ్బాయి ఏదో చదివాడంట, అతన్ని అడుగుతా."

"తెలియకేం" అన్నారు నతానియేలు గారు, గ్లాసు కింద పెడుతూ. గొంతు తగ్గించారు. "కాన్‌స్టాన్స్ అని ఒక ఊరు. అక్కడ ఇంకో మహాసభ పెట్టారు. ముగ్గురూ పోయారు. ఒకాయన తనే దిగాడు, ఇద్దరిని దింపారు. నాలుగో ఆయన్ని ఎన్నుకున్నారు. లోకమంతా ఒప్పుకుంది."

"నాలుగో ఆయన్ని."

"నాలుగో ఆయన్నే." ఆ మాట బయటకొచ్చాక ఆయన తల గేటు వైపు తిరిగింది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ ఎవరికీ?"

నతానియేలు గారు తన కారు వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. "పరిధిలోకి రాదు."

"సరేలెండి. పీసా మీరు చేయించారు, కాన్‌స్టాన్స్ ఇంకెవరో చేయిస్తారు. పేరు వాళ్ళకి పోద్ది. రేపు పుస్తకంలో మీరు సగం దాకే ఉంటారు, ముగ్గుర్ని చేసినాయనగా." లోయిడా కొంచెం ఆగింది. "హైన్రిష్ గారు ఉంటే ఇంత దూరం వచ్చి ఆగేవారా?"

నతానియేలు గారు టీ పూర్తి చేయలేదు. కారు గురించి కూడా ఆలోచించలేదు. నలభై ఏళ్ళుగా ఆయన మనసులో 1409లో ఆగిపోయి ఉన్న గడియారం కదిలింది. ఆయన వేదిక ఎక్కారు.

"సోదరులారా, చరిత్ర మనల్ని పిలుస్తోంది" అని మొదలుపెట్టి, ముగ్గురూ తొలగి నాలుగోవారు నిలిచిన సంగతి అంతా చెప్పారు. "ఆ నాలుగోవారు మన మధ్యకు వచ్చేశారు. తాళమే సాక్ష్యం. ఇక మిగిలింది తీర్మానం."

జనం బిషప్పుల వైపు చూశారు, గొడవ మొదలవుతుందని. గొడవ రాలేదు. ముగ్గురూ ఎవరి జేబు మీద వాళ్ళు చెయ్యి వేసుకుని ప్రశాంతంగా నవ్వుతున్నారు.

"సంఘ ఐక్యత కోసం నేను దేనికైనా సిద్ధం" అన్నారు అబ్నేరు గారు.

"నాకంటే సిద్ధమా?" అన్నారు కొర్నేలి గారు.

"త్యాగంలో పోటీ వద్దు" అన్నారు జెఫన్యా గారు. ఆయన జేబు గలగలలాడింది.

తీర్మానం రాయడం మొదలైంది. లోయిడా వేదిక పక్కనే నిలబడింది. స్త్రీలకు మాట్లాడే హక్కు లేదు కాబట్టి ఆమె నతానియేలు గారికి వినపడేలా, తనలో తను అనుకుంది.

"నాలుగో తాళం తీసినవారు అని రాస్తే ఎట్టా? తాళం చెవి దొంగిలించినోడు కూడా తీస్తాడు. వేసినవారు అని ఉండాలేమో."

"వేసినవారు" అని నతానియేలు గారు దిద్దారు.

"అర్హత గల పురుషులు అని చేర్చండి" అన్నారు జెఫన్యా గారు.

"అర్హత ఉందో లేదో తేల్చడానికి మళ్ళీ సబ్ కమిటీ వెయ్యాలేమో" అంది లోయిడా, ఆకాశంలోకి చూస్తూ. "దాన్లో ఎవరెవరుండాలో ముందు తేలాలి."

సబ్ కమిటీ మాట వినగానే ముగ్గురికీ ముఖాలు వాడిపోయాయి. పొద్దు పోతోంది. జేబులు బరువుగా ఉన్నాయి.

"ఎవరైనా సరే అని రాయండి" అన్నారు అబ్నేరు గారు.

చివరికి నతానియేలు గారు మైకులో చదివారు:

"ఈ గేటునకు నాలుగవ తాళము వేసినవారు ఎవరైనను సరే, వారే దక్షిణ డెల్టా సువార్త సంఘమునకు ఏకైక బిషప్ అనియు, వారు గేటు వద్దకు వచ్చి ఉన్నయెడల మిగతా మూడు తాళములు, మూడు పదవులు, సమస్త సహాయ పదవులు ఎట్టి షరతులు లేకుండా రద్దగుననియు, ఈ తీర్మానమును ఏ మహాసభయు మార్చజాలదనియు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

సహాయ బిషప్పులు మాత్రం కొంచెం గొణిగారు. ముగ్గురు బిషప్పులూ సంతకాలు పెట్టారు. ఎవరికి వారే ముందు పెట్టాలని తోసుకున్నారు.

"మరి తాళాలు తీస్తారాండీ?" అంది లోయిడా. "నాలుగోవారు వచ్చేసరికి మూడూ ఉంటే బాగుండదు గదా."

మూడు తాళాలూ చకచకా ఊడాయి. గొలుసుకు ఇత్తడి తాళం ఒక్కటే మిగిలింది. ముగ్గురూ ఒకేసారి జేబుల్లో చేతులు పెట్టారు. గుత్తులు బయటకు తీయబోయి, ఎదుటివాళ్ళ చేతుల్లోనూ గుత్తులే చూసి ఆగిపోయారు.

"ఏందవి?" అన్నారు అబ్నేరు గారు.

"మీవేంటి?" అన్నారు కొర్నేలి గారు.

ఆ మాత్రం వ్యవధి చాలింది. లోయిడా వాళ్ళ మధ్యలోంచి నడిచి వెళ్ళి, గుప్పిట విప్పి, తాళం తీసింది. తాళం చెవి దూరింది, తిరిగింది. గొలుసు జారి కింద పడింది. ఏసోబు గేటు తోశాడు.

పందిరి కింద జనం కుర్చీల్లోంచి లేచారు. మైకు కూ అంటోంది.

"నువ్వా?" అన్నారు జెఫన్యా గారు. "ఆ తాళం వేసింది నువ్వా?"

"నేను కాదండీ. నేను జాకెట్లు కుట్టుకుంటాను."

"తాళం చెవి ఎవరిచ్చారు?"

"వేసినవారు పిన్ని దగ్గర దాచారు. ఈస్టరు తెల్లారగట్ల మీరు ముగ్గురూ ముందు ఎవరు ప్రార్థన చెయ్యాలో తేలక గేటు తియ్యలేదు, గుర్తుందా? ఆడవాళ్ళందరం పూలు చేత్తో పట్టుకుని ఇక్కడ నిలబడి నిలబడి, గేటు మీద పెట్టి ఇంటికి పోయాం. ఆ రోజే బజారుకెళ్ళి కొనుక్కొచ్చి వేశారు. మీరు ముగ్గురే వేసుకోవాలని ఎక్కడ రాసుంది అన్నారంట."

నతానియేలు గారు తీర్మానాన్ని రెండు చేతులతో గుండెకు హత్తుకున్నారు. ఆరు వందల ఏళ్ళ నాటి ఒక ఊరు కళ్ళ ముందు కనిపిస్తున్నవాడిలా ఉన్నారు.

"మరి వారు ఇక్కడికి రావాలి గదమ్మా" అన్నారు అబ్నేరు గారు. తీర్మానంలో ఆయనకు కనిపించిన ఆఖరి సందు అది. "గేటు వద్దకు వచ్చి ఉన్నయెడల అని ఉంది. వచ్చారా?"

"వచ్చి చాలాసేపయిందండీ."

"ఎక్కడ?" అన్నారు ముగ్గురూ. "ఎవరు? పేరు చెప్పు."

ఏసోబు వాళ్ళు పేటిక ఎత్తారు. లోయిడా వెళ్ళి ముందు మూల కింద భుజం పెట్టింది. రెండో పక్కకు నయోమి వచ్చింది.

"మా అమ్మండీ" అంది లోయిడా. "బిషప్ ఎస్తేరమ్మ గారు. దారివ్వండి."